ఎర్రర్లు సున్నా

సిద్దిపేట పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, 1997వ సంవత్సరం శ్రావణమాసంలో ఒక మంచి ముహూర్తాన మన ఊరి ఇండ్ల జాగల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. పాత బస్టాండు వెనక, కింద దర్జీ దుకాణం ఉన్న ఒక కిరాయి మేడ మీద 'పట్టణ గృహ వివరాల కేంద్రం' అని బోర్డు వెలిసింది. లోపలి గదిలో ఒక పెద్ద మిషన్. ఇరవై వార్డుల జాబితాలూ, ఆఫీసు వాళ్ల సర్వీసు ఫైళ్లూ దాని కడుపులోనే ఉంటాయి. హాల్లో ఒక చిన్న మిషన్, ప్రత్యేకాధికారి హరికిషన్ గారి గదిలో ఇంకొకటి. మూడింటినీ కలుపుతూ గోడల వెంబడి వైరు. ఇవి కాక టిఫిన్ గిన్నె అంత ఉండే నాలుగో వస్తువు ఒకటుంది. దాని అసలు పేరు బయటి డ్రైవ్. ఆఫీసులో అందరూ దాన్ని డబ్బా అనేవారు.

ప్రతి సాయంత్రం ఐదింటికి డబ్బాలోని పాత నకలు చెరిపేసి, పెద్ద మిషన్‌లో ఉన్నవాటన్నిటికీ కొత్త నకలు తీసి అందులో పెట్టాలి. డబ్బాను బీరువాలో పెట్టి, బీరువాకు తాళం వేసి, తాళంచెవిని హరికిషన్ గారికి అప్పగించాలి. పెద్ద మిషన్‌కు ఏమైనా అయితే డబ్బా ఆదుకుంటుంది. డబ్బాకు ఏమైనా అయితే పెద్ద మిషన్ ఆదుకుంటుంది. రెండింటికీ ఒకేసారి ఏమైనా అయితే ఎట్లా అన్నది పైనుంచి వచ్చిన ఉత్తర్వులో లేదు కాబట్టి, అట్లా జరగదు.

ఉత్తర్వులో ఉన్న ముఖ్యమైన సంగతి వేరే. వరుసగా ఏడు రోజులు ఒక్క ఎర్రర్ కూడా లేకుండా నకలు వస్తే, పాత కాగితపు రిజిస్టర్లను కాగితం మిల్లుకు పంపేయాలి. ఆ తర్వాత దీపావళికి కంప్యూటర్ జాబితా ప్రకారం పట్టాలు పంచాలి. జాబితాలో పేరున్నవాళ్ల జాగ వాళ్లది. పేరు లేనివాళ్ల ఇల్లు తీసేసి ఆ జాగలో షాపింగ్ కాంప్లెక్సు కడతారు. ఇంత తేటగా రాసిన ఉత్తర్వు ఆ ఆఫీసుకు అంతకుముందు రాలేదు.

ఈ రిజిస్టర్లన్నీ రాసినవాడు సీనియర్ క్లర్కు నాగేశం. మనిషి భయస్తుడు గానీ చేతిరాత మాత్రం ధైర్యంగా ఉంటుంది. 1978లో ఊరంతా తిరిగి జాగలు కొలిచి, ఎర్రగుడ్డ అట్టల రిజిస్టర్లలో ఒక్కొక్క ఇంటినీ ఎక్కించినవాడు ఆయనే. పదకొండో వార్డులో నూటనలభైమూడో నంబరు జాగ కొలిచిన రోజు టేపు ఒక కొస ఆయన పట్టుకుంటే, రెండో కొస ఆ ఇంటాయన పట్టుకున్నాడు. ఆ ఇంటాయన పోయి పన్నెండేళ్లయింది. ఆయన భార్య మహబూబున్నీసా బీడీలు చుట్టుకుంటూ ఆ పెంకుటింట్లోనే ఉంది. ఏటా రంజాను కాగానే ఆమె మెట్లెక్కి వచ్చేది.

"నాగేశం సాబ్, జర నా నంబరు తీసి సదువుండ్రి."

"నిన్నటిదాంక ఉన్నది ఇయ్యాల యాడికి పోతదమ్మా?" అని నవ్వుతూనే ఆయన రిజిస్టరు తీసి పైకి చదివేవాడు. ఆమె కళ్లు మూసుకుని వినేది. తెలుగు అక్షరాలు ఆమెకు రావు గానీ 143 అనే అంకె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆ నాలుగు వాక్యాలు చదవడమంటే నాగేశానికి కూడా మహా ఇష్టం.

ప్రారంభోత్సవానికి పైనుంచి పెద్దసారు వచ్చారు. రిబ్బను కత్తిరించారు. కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు వైరు మీద పడ్డాయి గానీ శుభకార్యంలో అట్లాంటివి పట్టించుకోకూడదు. తర్వాత హరికిషన్ గారి గదిలో మిషన్ ముందు కూర్చుని, ఆపరేటర్ జ్ఞానేశ్వరి చూపించిన మీట నొక్కారు. తెరమీద పదకొండో వార్డు జాబితా ప్రత్యక్షమైంది. పదకొండే ఎందుకంటే, ఆయన వేలు అక్కడ పడింది. చప్పట్లు ఆగాక హరికిషన్ గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈనాడు పెద్దసారు తెరిచినది ఒక జాబితా కాదు, ఒక శకం! వారు తమ అమృతహస్తాలతో తెరిచిన ఈ జాబితాను, వారి హస్తాలతో తప్ప మరెవరి హస్తాలతోనూ మూయనివ్వబోమని ఈ వేదిక మీద ప్రతిజ్ఞ చేస్తున్నాను!"

వేదికల మీద చేసిన ప్రతిజ్ఞలు నిలబెట్టుకునేవాళ్లు దేశంలో తక్కువ. హరికిషన్ గారు ఆ తక్కువమందిలో ఒకరు కావడం పదకొండో వార్డు చేసుకున్న కర్మ. ఆ మిషన్ మెడలో పెద్దసారు వేసిన బంతిపూల దండ అట్లాగే ఉండిపోయింది. పెద్దసారుకు కప్పిన శాలువాకు జోడు శాలువా తెరమీద కప్పారు. కరెంటు పోయినా ఆ వెలుగు ఆరకూడదని పెండ్లి సామాన్లు కిరాయికిచ్చే దుకాణం నుంచి జనరేటరు తెప్పించి వరండాలో పెట్టారు. మంగళ, శుక్రవారాలు అటెండర్ ఇస్తారి దానికి ఊదుబత్తి వెలిగించేవాడు. ఏదైనా పని ఉంటే హరికిషన్ గారు హాల్లో కూర్చుని చేసుకునేవారు, ఎందుకంటే ఆయన మిషన్ ఖాళీగా లేదు.

ఆ సాయంత్రమే మొదటి నకలు తీశారు. పంతొమ్మిది వార్డులు చక్కగా డబ్బాలోకి వెళ్లాయి. చివర తెరమీద ఒక ముక్క వచ్చింది. పదకొండో వార్డు ఫైలు వాడకంలో ఉంది, వదిలేశాను, ఎర్రర్లు ఒకటి.

జ్ఞానేశ్వరి పోయి చెప్పింది. "సార్, ఫైలు వాడకంల ఉన్నదంట. అందుకే నకలు రాలేదు."

"వాడకంల ఉంటే మంచిదే గదమ్మా," అన్నారు హరికిషన్ గారు. "సర్కారు సొత్తు వాడకంల లేకపోతే గద తప్పు!"

మర్నాడూ ఒకటే. వారం తర్వాతా ఒకటే. ఎర్రర్ సంగతి మూడు ప్రతుల్లో టైపు చేసి పైకి పంపారు. ఎర్రర్‌ను తగ్గించవలెను అని పైనుంచి జవాబు వచ్చింది. ఒకటిని తగ్గిస్తే ఏమవుతుందో లెక్క వేసుకుని, హరికిషన్ గారు వెంటనే ఎర్రర్ నివారణ సంఘాన్ని నియమించారు. సంఘం పదకొండుసార్లు కూర్చుంది. ప్రతిసారీ మిర్చిబజ్జీలు, చాయ.

మొదటి సమావేశంలో వేడే కారణమని తేలింది. కూలరు తెప్పించారు. రెండో సమావేశంలో దుమ్ము కారణమని తేలింది. చెప్పులు మెట్ల దగ్గరే విడవాలని ఆజ్ఞ అయింది. వారంలో రెండు జతలు పోయాయి, వాటిలో ఒకటి సంఘం అధ్యక్షులవారిదే. మూడో సమావేశానికి వాస్తు చూసే దత్తాత్రి గారిని పిలిచారు. ఆయన గది నడుమ నిలబడి కళ్లు మూసుకుని, పెద్ద మిషన్ ముఖం నైరుతికి ఉండడమే అన్నిటికీ మూలమన్నారు. మిషన్‌ను తిప్పారు. వైరు పొట్టిదవడంవల్ల తెర గోడవైపుకు తిరిగింది. అప్పటినుంచి జ్ఞానేశ్వరి గోడకూ మిషన్‌కూ మధ్య ఇరుక్కుని కూర్చుని పనిచేస్తోంది. నాలుగో సమావేశంలో డబ్బానే అనుమానించి కొత్త డబ్బా కొన్నారు. కొత్త డబ్బా కూడా ఎర్రర్లు ఒకటి అనే చెప్పింది. రెండు డబ్బాలు సంబంధం లేకుండా ఒకే మాట చెప్పాయి కాబట్టి ఎర్రర్ నిజమైనదేనని సంఘం తీర్మానించి, నిమ్మకాయలు కట్టించింది.

చివరకు హైదరాబాదు నుంచి అజీజ్ అనే ఇంజనీరును పిలిపించారు. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. చెప్పులు విడిచాడు. పెద్ద మిషన్ వెనక దూరి ఐదు నిమిషాలు చూశాడు. వైరు పట్టుకుని హరికిషన్ గారి గదిదాకా వచ్చాడు. శాలువా కొస ఎత్తి చూసి దించాడు.

"సార్, ఈ లిస్టు గీడ తెరిచి ఉన్నది. తెరిచి ఉంటే నకలు రాదు. మూస్తే వస్తది. ఒక్క మీట, అంతే."

ఇస్తారి చాయ గ్లాసులు కింద పెట్టి తలుపు దగ్గరికి వేశాడు.

"ఏమంటున్నవయ్యా?" అన్నారు హరికిషన్ గారు. "పెద్దసారు తెరిచింది నన్ను మూయమంటవా? నీకు పెండ్లాం పిల్లలు లేరా? రేపు ఆయన వచ్చి, నేను తెరిచిందేదిరా అంటే ఏం జెప్పాలె నేను?"

"మళ్ల తెరుస్తం సార్. గదే లిస్టు వస్తది."

"మళ్ల తెరిస్తే అది నేను తెరిచినట్టయితది. ఆయన తెరిచినట్టెట్లయితది?"

అజీజ్ అదే మాట నివేదికగా రాసిచ్చాడు. చాయ తాగి, అదృష్టం కొద్దీ చెప్పులు దొరికితే వేసుకుని బస్సెక్కాడు. ఆయన నివేదిక మీద హరికిషన్ గారు స్వయంగా రాశారు: 'సాంకేతికంగా సరియైనది. మర్యాద రీత్యా అమలుకు వీలుకానిది.' అయినా నిష్పక్షపాతంగా ఉండాలని, దయచేసి వచ్చి మూసిపోవలసిందిగా పెద్దసారుకు విన్నపం పంపారు. అప్పటికే వేరే జిల్లాకు బదిలీ అయ్యాను కనుక మూయడానికి నాకు అధికారం లేదని పెద్దసారు జవాబిచ్చారు. కొత్తగా వచ్చిన పెద్దసారును అడిగితే, పాతవారు తెరిచినదాంట్లో తాను వేలు పెట్టనన్నారు. ఇద్దరి సంస్కారానికీ ఆఫీసు ఆఫీసంతా ముగ్ధమైపోయింది.

నాగేశానికి మాత్రం నిద్ర పట్టలేదు. నకలు రాని వార్డులో నూటనలభైమూడో నంబరు ఉందని ఆయనకు గుర్తుంది. ఆ మీట తన కుర్చీకి పన్నెండు అడుగుల దూరంలో ఉందని కూడా తెలుసు. ఒక మధ్యాహ్నం హరికిషన్ గారు భోజనానికి వెళ్లినప్పుడు ఆయన లేచి ఆ గదిలోకి వెళ్లాడు. శాలువా ఎత్తాడు. తెరమీద వరుసగా పేర్లు. మధ్యలో 143, మహబూబున్నీసా. మీట మీద వేలు పెట్టాడు. నొక్కితే చాలు, సాయంత్రానికి నకలు వచ్చేస్తుంది, ఎవరికీ తెలియదు. అప్పుడే గుమ్మం దగ్గర ఇస్తారి దగ్గు వినపడింది. శుక్రవారం కదా, ఊదుబత్తితో వచ్చాడు. నాగేశం గభాలున శాలువా దించి రెండు చేతులూ జోడించాడు.

"మంచిగ మొక్కుకోండ్రి సార్," అన్నాడు ఇస్తారి. "ఈయనకు మహిమున్నది."

నాగేశం ఆ రోజు తనను తాను ఛీ అనుకున్నాడు. అనుకోవడానికి మీట అక్కర్లేదు కాబట్టి ఆ పని పూర్తిగానే చేశాడు.

దసరా దగ్గర పడింది. ఎర్రర్ తగ్గలేదు. హరికిషన్ గారు నాగేశాన్ని పిలిచి, వారంలో సున్నా రాకపోతే సీనియర్ క్లర్కును బాధ్యుణ్ణి చేసి అడవి మండలానికి బదిలీ చేయడం తప్ప తనకు గత్యంతరం లేదన్నారు. నాగేశానికి రిటైర్మెంటు రెండేళ్లుంది. మోకాళ్ల నొప్పులున్నాయి. భయం మనిషి తెలివిని ఎంత పదునెక్కిస్తుందో చూడండి. అక్కడ నిలబడిన చోటనే ఆయనకు ఉపాయం తట్టింది.

"సార్, అసలు, నకలు ఒక్క తీరుగుండాలె. గంతే గద ఉత్తర్వు?"

"అంతే."

"నకలును అసలు తీరు చేసుడు మనతోని అయితలేదు. అసలునే నకలు తీరు చేస్తే?"

పెద్ద మిషన్‌లో ఒక సూచిక ఉంటుంది. ఏయే ఫైళ్లు ఉన్నాయో, వేటిలో వెతకాలో, వేటికి నకలు తీయాలో అది చెబుతుంది. ఆ సూచికలోంచి పదకొండో వార్డును తీసేస్తే, మిషన్ దాన్ని వెతకదు. వెతకనిది దొరకలేదని చెప్పదు. చెప్పనిది ఎర్రర్ కాదు. హరికిషన్ గారు కుర్చీలోంచి లేచి నాగేశాన్ని కావలించుకున్నారు. ఆయన ఉద్యోగ జీవితంలో క్లర్కును కావలించుకోవడం అదే మొదలు.

జ్ఞానేశ్వరి మాత్రం మిషన్ వెనక నుంచి తల బయటికి పెట్టింది. "గట్లెట్ల సార్? పదకొండో వార్డోళ్లు ఏం గావాలె?"

"ఫైలు యాడికి పోతలేదమ్మా, సారు రూంల కనపడుతనే ఉంటది. తర్వాత మెల్లగ మళ్ల ఎక్కిద్దాం," అన్నాడు నాగేశం. "రెండూ ఒక్క తీరుంటే సాలు. ఎట్ల ఒక్క తీరైనయో పైన అడుగరు."

ఆమె రాతపూర్వకంగా కావాలంది. నాగేశం ధైర్యమైన చేతిరాతతో సర్క్యులర్ రాసి సంతకం పెట్టాడు: 'ఏదేని ఫైలుకు నకలు రాని పక్షమున, సదరు ఫైలును సూచిక నుండి తొలగించి, అసలును నకలుతో సమానము చేయవలెను.' దానికి నాగేశం పద్ధతి అని పేరు పెట్టారు. ఆ సాయంత్రం ఎర్రర్లు సున్నా. ఇస్తారి లడ్డూలు పంచాడు. ఏడు రోజులూ సున్నా వచ్చింది.

ఎనిమిదో రోజు మేడ కింద లారీ ఆగింది. రిజిస్టర్లన్నీ మూటలు కట్టి పడేశారు. వీటిలో పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయేమోనని ఎవరూ చూడలేదు, ఎందుకంటే పనికొచ్చేవన్నీ మిషన్‌లో ఉన్నట్టు ధ్రువపత్రం ఉంది. ఆఫీసు వాళ్ల సర్వీసు పుస్తకాలు కూడా అదే ఊపులో లారీ ఎక్కాయి. పదకొండో వార్డు రిజిస్టరు మూటలోంచి జారి మెట్ల మీద పడింది. ఒక్క క్షణం నాగేశం దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి పోదామనుకున్నాడు. దాని ఎర్రగుడ్డ మీద దుమ్ము దులిపాడు. కింద హరికిషన్ గారు లెక్క అడుగుతున్నారు. నాగేశం పుస్తకాన్ని తీసుకెళ్లి తన చేతులతోనే లారీలో పెట్టాడు.

పట్టాలు పంచడానికి నాలుగు రోజుల ముందు మహబూబున్నీసా మెట్లెక్కింది. కాంప్లెక్సు వాళ్లు వచ్చి ఆమె ఇంటి గోడమీద సున్నంతో గీత గీసి పోయారట.

"నాగేశం సాబ్, నా నంబరు సదువుండ్రి. గీ గీతలోళ్లు నా జాగ లేదంటున్నరు."

నాగేశం తల ఎత్తలేదు. జ్ఞానేశ్వరి పెద్ద మిషన్‌లో వెతికింది, లేదు. డబ్బా పెట్టి వెతికింది, లేదు. ఇంకోసారి వెతికింది గానీ మిషన్ చెప్పిందే చెప్పాలి. అంతలో ఇస్తారి ఊదుబత్తి వెలిగించడానికి శాలువా తీశాడు. తెరిచి ఉన్న తలుపులోంచి మహబూబున్నీసా అటు చూసింది.

"యా అల్లా! గదిగో సాబ్! ఒకటి, నాలుగు, మూడు! గది నా నంబరే!" ఆమె పరుగున గదిలోకి పోయి తెరమీద వేలు పెట్టింది. "ఉన్నది సాబ్, ఉన్నది!"

హరికిషన్ గారు ఓపిక గల మనిషి. కోప్పడలేదు. "అమ్మా, అది పెద్దసారు తెరిచిన జాబితా. దర్శనానికే తప్ప ధ్రువీకరణకు కాదు. అసలులో నీ పేరు లేదు. నకలులో లేదు. రెండూ ఒక్క మాట మీదున్నయి. నువ్వొక్కదానివే వేరే మాట జెప్తున్నవు. మేం ఎవరిని నమ్మాలె?"

ఆమె నాగేశం వైపు తిరిగింది. "టేపు నువ్వే గద సాబ్ పట్టినవ్. మా ఆయన ఆ కొసకు, నువ్వు ఈ కొసకు. జెప్పు."

చెబితే అయిపోయేది. నాగేశం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మిషన్ల ఉండాలమ్మా," అన్నాడు.

దీపావళి ఘనంగా జరిగింది. పంతొమ్మిది వార్డులకు పట్టాలు అందాయి. ఆ మర్నాడే మహబూబున్నీసా పెంకుటిల్లు తీసేశారు. ఆమె బీడీల చాట పట్టుకుని అదే జాగకు ఎదురుగా రోడ్డు పక్కన కూర్చుంది. నాగేశం ఆ వారం వేరే దారిన ఆఫీసుకు వచ్చాడు. పాపం, ఆ దారి రెండు ఫర్లాంగులు ఎక్కువ, ఆయనకేమో మోకాళ్ల నొప్పులు.

సున్నా సాధించిన ఆఫీసుకు పైనుంచి ప్రశంస వచ్చింది. ఉత్తమ ఉద్యోగిగా నాగేశాన్ని సన్మానించాలని నిర్ణయమైంది. ప్రశంసా వాక్యాలు హరికిషన్ గారు స్వయంగా నాగేశం సర్వీసు ఫైలు తెరిచి హాల్లో మిషన్ మీద టైపు చేశారు. చివరి మీట కొత్త పెద్దసారు వచ్చి నొక్కాలి. అంతదాకా ఎవరూ ముట్టకుండా ఆ తెరకు కూడా ఒక శాలువా కప్పారు, దండ వేశారు. శనివారం రావాల్సిన పెద్దసారు పర్యటన వాయిదా పడింది, ఇక ఏ రోజైనా రావచ్చన్నారు. నాగేశం కొత్త పంచె ఇస్త్రీ చేయించుకుని తొందరగా ఇంటికి పోయాడు. సాయంత్రం ఐదింటికి జ్ఞానేశ్వరి నకలు తీసింది. ఒక ఫైలు వాడకంలో ఉంది, వదిలేశాను, ఎర్రర్లు ఒకటి. ఆమె సర్క్యులర్ తీసి మళ్లీ ఒకసారి చదువుకుని, దాని ప్రకారమే చేసింది. ఎర్రర్లు సున్నా.

సోమవారం నాగేశం వచ్చేసరికి మిషన్ తీసిన హాజరు జాబితాలో ఆయన పేరు లేదు. సీనియర్ క్లర్కు పోస్టు ఖాళీ ఉందని అప్పటికే పైకి కాగితం పోయింది. నాగేశం మిషన్ వెనకకు పరుగెత్తాడు.

"అమ్మా జ్ఞానేశ్వరీ! హాల్ల ఫైలు తెరిచి ఉన్నది. మూసేస్తే అయిపోతది. ఒక్క మీట తల్లీ!"

"పెద్దసారు కోసం తెరిచింది సార్, నేనెట్ల మూస్త?" అంది జ్ఞానేశ్వరి. "సంతకం మీదే గద. ఎట్ల ఒక్క తీరైనయో పైన అడుగరని మీరే జెప్తిరి."

"నా సర్వీసు పుస్తకం ఉండాలె గద!"

"లారీల పోయింది సార్. మూట మీరే లెక్కబెట్టిన్రు."

హరికిషన్ గారు ఎంతో బాధపడ్డారు. శాలువా కింద వెలుగుతున్న ప్రశంసా వాక్యాలు చూపించి, ఇంత మంచి ఉద్యోగి అసలులోనూ నకలులోనూ లేకపోవడం ఆఫీసుకు తీరని లోటన్నారు. బయటివాళ్లు లోపల తిరగరాదని ఇస్తారి నాగేశాన్ని భుజం పట్టి, గౌరవంగానే, మెట్ల దాకా తెచ్చి వదిలాడు. మెట్ల మీద లైను ఉంది. పదకొండో వార్డు వాళ్ల లైను. అర్జీలు పట్టుకుని రోజూ వస్తున్నారు. చివరన మహబూబున్నీసా ఉంది. నాగేశాన్ని చూసింది. సంగతి ఇస్తారి నోట విన్నది. తర్వాత కొంచెం ముందుకు జరిగింది.

"రా సాబ్, నా ఎనక నిలబడు. నిన్ను నేనెరుగుదునని జెప్త. నన్ను నువ్వెరుగుదువని నువ్వు గూడ జెప్పు ఈసారి."

నాగేశం ఆమె వెనక నిలబడ్డాడు. కొత్త పంచె చెమటకు తడిసిపోయింది. లైను దర్జీ దుకాణం దాటి రోడ్డు మీదికి వచ్చింది.

ఇంతవరకు నవ్వుతూ చదివిన మీరు మాత్రం ఏమీ కంగారు పడనక్కర్లేదు. మీ ఫైలు భద్రంగానే ఉంది. ఎవరో పెద్దసారు దాన్ని తెరిచి చూస్తున్నారు, అంతే.